డికాక్షన్ నల్లగా ఉంటే కాఫీ బాగున్నట్టేనా?

తెలుగు ఇళ్లలో కాఫీ రుచిని ముందుగా తేల్చేది నాలుక కాదు, కన్ను. ఫిల్టరు పై గిన్నె ఎత్తి చూసినప్పుడు డికాక్షన్ అడుగు కనిపించనంత నల్లగా ఉంటే బాగా దిగిందనుకుంటాం. కాస్త ఎర్రగా, పారదర్శకంగా కనిపిస్తే పొడి మంచిది కాదని తీర్మానిస్తాం. పొడి కొనేటప్పుడూ, పాలలో కలిపేటప్పుడూ ఇదే కొలబద్ద. ఇంట్లో కాఫీ కుదరకపోవడానికి చెప్పుకునే కారణాల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. రంగు బలానికి గుర్తు కాదు, చేదు చిక్కదనానికి గుర్తు కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే ఎంత ఖరీదైన పొడి తెచ్చినా, ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఫలితం ఒక్కటే.

వేయించిన కాఫీ గింజ బరువులో నీటిలో కరిగే పదార్థం దాదాపు 28 నుంచి 30 శాతం. మిగిలినది చాలావరకు పీచు, మామూలు పద్ధతుల్లో ఎంతసేపు ఉంచినా కరగదు. కరిగే భాగమంతా కప్పులోకి రావడం కూడా మంచిది కాదు. 1950లలో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఈ విషయంపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. వాటి ఆధారంగా స్థిరపడిన లెక్క ప్రకారం పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు కరిగి దిగినప్పుడు రుచి సమతూకంగా ఉంటుంది. అంతకంటే తక్కువ దిగితే పులుపు ముందుకు వస్తుంది. ఎక్కువ దిగితే నాలుకను పట్టేసే వగరు, చేదు పైకి తేలతాయి. కారణం సులువే. ఆమ్లాలు, సువాసననిచ్చే పదార్థాలు వేడి నీటిలో తొందరగా కరుగుతాయి, తీపి ఛాయలు ఆ తర్వాత వస్తాయి, బరువైన చేదు పదార్థాలు చివర్న కదులుతాయి. చింతపండు పిసికినప్పుడు తొలి పులుసు చిక్కగా, కమ్మగా వచ్చి, పిప్పిని ఇంకా ఇంకా నలిపితే పీచు వగరు చేరినట్టే ఇదీ.

కాబట్టి డికాక్షన్ గురించి అడగాల్సిన ప్రశ్నలు రెండు. పొడిలోంచి ఎంత భాగం దిగింది అన్నది మొదటిది. దిగినది ఎంత నీటిలో ఉంది అన్నది రెండోది. మొదటిది రుచి తీరును నిర్ణయిస్తుంది, రెండోది చిక్కదనాన్ని. పొడి తక్కువ వేసి, నీళ్లు ఎక్కువ పోసి, అది చాలదన్నట్టు మరిగిస్తే పలచగానూ చేదుగానూ ఉండే డికాక్షన్ వస్తుంది. చాలా ఇళ్లలో ‘స్ట్రాంగ్ కాఫీ’ పేరుతో తాగేది ఇదే. చిక్కదనం కావాలంటే పొడి పెంచాలి. మరిగించడం వల్ల పెరిగేది చేదు మాత్రమే.

మన ఫిల్టరు ఈ విషయంలో చాలా తెలివైన పరికరం. కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. పై గిన్నె అడుగున సన్నని రంధ్రాలు, పొడి మీద పెట్టే గొడుగులాంటి బిళ్ల, కింద డికాక్షన్ పట్టే గిన్నె, పైన మూత. నీరు తన బరువుతో తానే పొడిగుండా దిగుతుంది. అయితే దీని లెక్కలు విదేశాల్లో కాగితపు వడపోతతో చేసే కాఫీ లెక్కలకు పూర్తిగా భిన్నం. అక్కడ లీటరు నీటికి సుమారు 55 నుంచి 60 గ్రాముల పొడి వాడతారు. ఆ కాఫీని పాలు లేకుండా, దిగింది దిగినట్టు తాగుతారు. మన డికాక్షన్‌కు పాలు కలుస్తాయి. డికాక్షన్ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ పాలు కలిపినా కాఫీ కాఫీలాగే ఉండాలంటే అది మొదట్లోనే గాఢంగా ఉండాలి. అందుకే 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీరు, అంటే పొడి బరువుకు ఐదు రెట్లు, మంచి మొదలు. తడిసిన పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టి ఉంచుకుంటుంది. కనుక కిందికి దిగేది 90 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. మూడు కప్పులకు అది సరిపోతుంది. స్పూన్ల లెక్క కంటే చిన్న తూకపు యంత్రం చాలా మేలు. ముదురుగా వేయించిన పొడి తేలికగా ఉంటుంది, కాబట్టి అదే స్పూను ఒక్కో పొడికి ఒక్కో బరువు చూపిస్తుంది.

ఈ లెక్కలోనే ఒక చిక్కుంది. పొడి పట్టి ఉంచుకున్న ఆ 60 మిల్లీలీటర్లలో కరిగిన కాఫీ కూడా ఉంటుంది. రెండో డికాక్షన్ అనే అలవాటు పుట్టింది ఇందుకే. అది వట్టి పొదుపు కాదు, పొడిలో ఇంకా మిగిలి ఉందన్న అనుభవం దాని వెనక ఉంది. కానీ గంట తర్వాత, చల్లారి గట్టిపడిన పొడిమీద మళ్లీ పావులీటరు నీళ్లు పోసి దించితే వచ్చేది చాలావరకు చేదు, వగరు. మేలైన పద్ధతి వేరే ఉంది. మొత్తం నీటిని ఒకేసారి పోయకుండా మూడింట రెండు వంతులు ముందు పోయాలి. అది దాదాపు దిగిపోతుండగా, పొడి వేడిగా ఉన్నప్పుడే, మిగిలిన మరిగే నీటిని పోయాలి. రెండో విడత నీరు పొడిలో చిక్కుకున్న గాఢమైన ద్రవాన్ని కిందికి తోస్తుంది. అదే పొడి, అంతే నీరు, కానీ డికాక్షన్ మరింత నిండుగా వస్తుంది.

నీటి వేడి గురించి అక్కర్లేని భయాలు కొన్ని ఉన్నాయి. మరిగే నీరు పోస్తే కాఫీ మాడిపోతుందన్నది అందులో ఒకటి. కాఫీకి 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి అనువైనదని నిపుణుల ప్రమాణాలు చెబుతాయి. హైదరాబాదు ఎత్తులో నీరు మరిగేదే దాదాపు 98 డిగ్రీల దగ్గర. ఆ నీటిని చల్లటి స్టీలు ఫిల్టరులో పోయగానే లోహమూ పొడీ కలిసి కొన్ని డిగ్రీలు తినేస్తాయి. కాబట్టి మన ఫిల్టరు విషయంలో అసలు ప్రమాదం నీరు చల్లబడటమే. పొడి వేసే ముందు పై గిన్నెను వేడి నీళ్లతో ఒకసారి కడిగి తుడిస్తే, ముఖ్యంగా చలికాలపు ఉదయాల్లో, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక పొడి నలుగు, అంటే గింజను ఎంత మెత్తగా పట్టించామన్నది. ఇంట్లో కాఫీ రుచిని మార్చే అంశాల్లో ఇంతటిది మరొకటి లేదు, ఇంతగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ లేదు. పొడి మరీ మెత్తగా ఉంటే రంధ్రాలు మూసుకుపోయి డికాక్షన్ దిగదు. మరీ బరకగా ఉంటే నీరు అయిదు నిమిషాల్లో జారిపోయి పలచటి పులుపు మిగులుతుంది. పావుగంట నుంచి అరగంట లోపు దిగితే నలుగు సరిగ్గా ఉన్నట్టు. రాత్రి వేసి పొద్దున తీసే అలవాటు సౌకర్యం కోసం వచ్చిందే, రుచి కోసం కాదు. రాత్రంతా చుక్కలు చుక్కలుగా దిగేది చేదు. పైగా కిందనున్న డికాక్షన్ వాసన తెల్లారేసరికి సగం ఎగిరిపోతుంది. దిగడం ఆగిపోతే ఫిల్టరును తట్టడం, బిళ్లను నొక్కడం అందరూ చేసేవే. బిళ్లను గట్టిగా అదిమితే పొడి పలకలా గట్టిపడి, నీరు ఏదో ఒక పక్క సందు వెతుక్కుని అక్కడి నుంచే జారుతుంది. అప్పుడు ఒక భాగంలో చేదు దాకా దిగుతుంది, మరో భాగం తడిసీ తడవనట్టు ఉండిపోతుంది. పొడిని సమంగా సర్ది, బిళ్లను దాని మీద ఊరికే ఆనించి వదిలేస్తే చాలు. పోసిన నీటి ధార పొడిలో గుంట పడేయకుండా పరచడమే ఆ బిళ్ల పని. ఎప్పటికీ దిగని ఫిల్టరు రంధ్రాల్లో పాత నూనె, సన్నని పొడి పేరుకుని ఉంటాయి. ప్లాస్టిక్ భాగాలేవీ లేని పై గిన్నెను పొయ్యి మంట మీద కాసేపు పట్టి, చల్లారాక బ్రష్షుతో తోమే పాత పద్ధతి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.

మిక్సీలో గింజలు పట్టేవారికి ఒక మాట. మిక్సీ బ్లేడు గింజలను నరుకుతుంది, నలపదు. అందుకే దుమ్ములాంటి పొడీ, రవ్వలాంటి పలుకులూ ఒకేచోట వస్తాయి. రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పుతూ, మధ్యలో జారును కదుపుతూ ఉంటే ఈ తేడా తగ్గుతుంది. ఏకబిగిన నిమిషంసేపు తిప్పితే పొడి వేడెక్కి, కప్పులో ఉండాల్సిన వాసన వంటిల్లంతా పరుచుకుంటుంది.

రంగు మాయ అసలు రహస్యం చికోరీ. ఇది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. కాఫీకి కలిపే అలవాటు ఐరోపా నుంచి వచ్చింది. 1806లో నెపోలియన్ బ్రిటన్‌తో వాణిజ్యాన్ని నిషేధించాక ఫ్రాన్సులో కాఫీ కరవై చికోరీ వాడకం బాగా పెరిగింది. వేయించిన చికోరీలో నీటిలో కరిగే భాగం కాఫీలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు పైనే. అందుకే కొంచెం కలిపినా డికాక్షన్ నల్లగా, జిగటగా మారుతుంది. కానీ అందులో కెఫిన్ బొత్తిగా ఉండదు, కాఫీ వాసనా ఉండదు. నల్లగా కనిపించే డికాక్షన్‌లో నిజంగా ఉన్న కాఫీ ఎంత అన్నది కంటికి తెలిసే విషయం కాదు, పొట్లం మీద చదవాల్సిన విషయం. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి శాతాలనూ పొట్లం మీద ముద్రించాలి. అంటే సగానికి కాస్త తక్కువ చికోరీ ఉన్న పొడిని కూడా చట్టబద్ధంగా అమ్మవచ్చు. అది తక్కువ ధరకు ఎక్కువ నలుపునిస్తుంది. ఒకసారి దానికి కన్ను అలవాటుపడితే అసలు కాఫీ ‘పలచగా’ కనిపించడం మొదలవుతుంది.

చికోరీని దోషిగా నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. పాలు ఎక్కువ పోసే కాఫీలో 15 నుంచి 20 శాతం చికోరీ ఒక రకమైన మాడు తీపిని, నిండుదనాన్ని ఇస్తుంది. ఉబ్బే గుణం వల్ల నీరు దిగే వేగాన్నీ తగ్గిస్తుంది. ఆ రుచితో పెరిగిన నాలుకకు అది లేకపోతే వెలితిగా ఉంటుంది, ఆ వెలితి నిజమైనదే. అయితే 30, 40 శాతం దాటాక తాగేది చికోరీ కషాయమే. దానికి కాఫీ ధర చెల్లించడం అన్యాయం.

అరకు కాఫీ విషయంలో తెలుగువారు పడే నిరాశ ఈ అలవాటు నుంచే వస్తోంది. తూర్పు కనుమల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగల మధ్య అరబికా రకం కాఫీ పండిస్తున్నారు. పోడు వ్యవసాయానికి బదులుగా ప్రోత్సహించిన పంట ఇది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2017లోనే పారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. ఇంత పేరు విని, అభిమానంతో ఒక పొట్లం తెచ్చుకుని, చికోరీ పొడికి అలవాటైన కొలతలతోనే డికాక్షన్ వేసి, గ్లాసు నిండా పాలు పోసి ‘ఇందులో ఏముంది’ అని పెదవి విరిచేవారు చాలామంది. చికోరీ లేని, మధ్యస్థంగా వేయించిన అరబికా డికాక్షన్ ఎర్రటి గోధుమరంగులోనే ఉంటుంది. అది దాని సహజ స్వభావం. దాని గొప్పతనం సువాసనలో, పండు పులుపులో, చివర్న నాలుక మీద నిలిచే తీపిలో ఉంది. ఆ కాఫీకి పొడి నాలుగో వంతు పెంచాలి, నలుగు కొంచెం మెత్తగా ఉండాలి, పాలు తగ్గించాలి. చక్కెర కలిపే ముందు ఒక గుక్క రుచి చూడాలి. మన కొండల మీద పండిన గింజకు మన ఇళ్లలో ఈ పాటి మర్యాద దక్కాలి.

పాలలోనూ గట్టిగా నిలబడే కాఫీయే కావాలనుకుంటే చికోరీ పెంచడానికి బదులు రోబస్టా అనే మరో రకం కాఫీ కలపడం నిజాయితీ గల దారి. అరబికాలో కెఫిన్ 1.2 నుంచి 1.5 శాతం వరకు ఉంటే, రోబస్టాలో దాదాపు రెట్టింపు. రోబస్టాకు మొరటు రుచి అన్న పేరున్నా, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన మంచి రోబస్టా మూడో వంతు కలిపితే పాల కాఫీకి కావలసిన నిండుదనం వస్తుంది. కాఫీ గింజల కొట్లో వినిపించే పేర్లకు కూడా అర్థం తెలిసి ఉండటం మంచిది. ప్లాంటేషన్ అంటే గుజ్జు తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా. చెర్రీ అంటే పండును పండుగానే ఎండబెట్టి తరువాత పొట్టు తీసిన గింజ. పీబెర్రీ అంటే మామూలుగా రెండు గింజలు ఉండాల్సిన పండులో ఒక్కటే గుండ్రంగా పెరిగినది. పంటలో అది తక్కువ భాగం కాబట్టి, విడిగా ఏరాలి కాబట్టి ధర ఎక్కువ. పీబెర్రీ అయినంత మాత్రాన కాఫీ అద్భుతంగా ఉంటుందన్న హామీ మాత్రం లేదు. ఎప్పుడు వేయించారన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

కంటితోనే చూడాలనుకుంటే చూడాల్సింది ఇక్కడ. గింజ వేగినప్పుడు దానిలో బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, రోజుల తరబడి నెమ్మదిగా బయటికి పోతుంటుంది. పొడి చేశాక ఆ వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తాజా పొడి మీద వేడి నీరు పడగానే అది ఉబ్బి, బుడగలతో నురగ కడుతుంది. పాత పొడి తడిసిన మట్టిలా కదలకుండా ఉండిపోతుంది. డికాక్షన్ నలుపు కంటే ఈ నురగను నమ్మవచ్చు. నెలకు సరిపడా అరకిలో ఒకేసారి పట్టించే బదులు వారానికో, పది రోజులకో వంద గ్రాముల చొప్పున తెచ్చుకుంటే చాలు, మరే మార్పూ చేయకుండానే కాఫీ మెరుగవుతుంది. రోజూ తెరిచి మూసే డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల మేలు లేదు. తీసిన ప్రతిసారీ చల్లటి పొడి మీద తేమ చేరుతుంది, పక్కనున్న కూరల వాసనలూ పట్టుకుంటాయి.

నీటి గురించి క్లుప్తంగా. బోరు నీటిలో బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటే అవి కాఫీలోని ఆమ్లాలను విరిచేసి రుచిని చప్పగా చేస్తాయి. దాదాపు ఖనిజాలన్నిటినీ తీసేసే శుద్ధి యంత్రం (ఆర్వో) నీటితో కూడా కాఫీ బోలుగానే ఉంటుంది, ఎందుకంటే రుచిని దించడానికి కొంత కాల్షియం, మెగ్నీషియం తోడు కావాలి. లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర కరిగిన లవణాలున్న నీరు కాఫీకి అనువైనది. యంత్రం నీటిలో కొంత మంచి కుళాయి నీరు కలిపితే ఆ దగ్గరకు చేరవచ్చు.

పాల దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే, కానీ పెద్దది. పాలు, డికాక్షన్ కలిపి పొయ్యి మీద పొంగించడం. టీ పద్ధతి ఇది. కాఫీ వాసన తేలికగా ఎగిరిపోయే పదార్థాల వల్ల వస్తుంది, పొంగుతో అవి పోతాయి. పాలు విడిగా కాగి, పొయ్యి దించాక డికాక్షన్ కలవాలి. పదేపదే కాచిన పాలకు ఒక ఉడుకు వాసన పడుతుంది కనుక కాఫీకి తొలి కాగు పాలు ఉత్తమం. పాల కొవ్వు కాఫీ చేదును మెత్తబరుస్తుంది, పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి వగరు పదార్థాలను పట్టుకుంటుంది. 6 శాతం కొవ్వుండే ఫుల్ క్రీమ్ పాలకూ, 3 శాతం ఉండే టోన్డ్ పాలకూ ఒకే పాళ్లలో డికాక్షన్ కలిపినా రుచి ఒకేలా ఉండనిది ఇందుకే. అయినా టోన్డ్ పాలకు డికాక్షన్ తగ్గించనక్కర్లేదు, నీళ్లు కలపడం మానేస్తే చాలు. గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి పోయడం వల్ల చక్కెర కరుగుతుంది, నురగ వస్తుంది, నాలుక కాలని వేడికి కాఫీ దిగుతుంది. రుచి తెలిసేది ఆ వేడిలోనే.

విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో ఫిల్టరుకు బదులు మోకా పాట్ వాడకం కనిపిస్తుంది. 1933లో ఇటలీలో పుట్టిన ఈ కెటిల్ ఆవిరి ఒత్తిడితో నీటిని పొడిగుండా పైకి తోస్తుంది. అయిదారు నిమిషాల్లో డికాక్షన్‌కు దగ్గరైన గాఢత వస్తుంది. మంట సన్నగా ఉండాలి, గలగల శబ్దం మొదలవగానే దించాలి. చికోరీ ఎక్కువున్న పొడి ఇందులో వేయకూడదు, జిగటగా మారి దారి మూసేస్తుంది.

డికాక్షన్ మిగిలితే మూత బిగించిన సీసాలో ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. అదే రోజు సాయంత్రానికి పనికొస్తుంది. దాన్ని నేరుగా కాచకూడదు, పొగలు కక్కే పాలలో చల్లటి డికాక్షన్‌నే పోయాలి. రుచి కుదరనప్పుడు ముందు పాలు కలపని డికాక్షన్ ఒక చెంచా తీసి, రెండు మూడు చెంచాల వేడి నీటితో కలిపి చప్పరించాలి. పులుపు గుచ్చుకుంటే పొడి మరికాస్త మెత్తగా పట్టించాలి. గొంతులో వగరు పట్టుకుంటే బరకగా పట్టించాలి. రెండూ లేకుండా పలచగా ఉంటే నలుగు జోలికి పోకుండా పొడి అయిదు గ్రాములు పెంచాలి.